నల్ల గళ్ల ఆట

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒక లైను ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. ఇంట్లో ముత్తుసెల్వి ఒకతే ఉంది. విరుదునగర్ నుంచి బస్సులో పెద్దమ్మ రాక్కమ్మాళ్ వచ్చింది.

"...అందుకే దా నేనే బయలుదేరి వస్తిని. రేపు పది గంటలకు విచారణ. నువ్వు వస్తావా రావా, ఆ ఒక్క మాట చెప్పు. ఏమ్మా. సెల్వీ. ఇంతసేపు నేను ఎవరితో మాట్లాడుతుండాను? గడ్డం పట్టుకొని ఎత్తితే గానీ చూడవా నువ్వు?"

"వచ్చినావా పెద్దమ్మా. కూచో."

"వచ్చి, చెప్పులు విడిచి, కుండలో నీళ్లు ముంచుకొని తాగి, కూచొని, కత అంతా చెప్పి కూడా అయిపోయింది. ఇప్పుడు కూచో అంటుండావు."

"ఆట మధ్యలో ఉంటిని. చూడలేదు."

"బాగుంది. దొంగ వచ్చి బిందె ఎత్తుకొని పోయినా ఇదే చెప్తావు."

"బిందె ఓటిది. ఎత్తుకొని పోతే పోనీ. ఆ పొట్లం ఏమి?"

"సాత్తూర్‌లో బస్సు నిలిచినప్పుడు కారాసేవు కొంటిని. తిను. చిక్కిపోయినావు. ఇసక్కి ఏడి?"

"వత్రాప్ పోయినాడు. టెంకాయల లోడు. బుధవారం వస్తాడు."

"నీ మగడు దా పక్కింటికి ఫోన్ చేసి నాకు చెప్పినాడు. పెద్దమ్మా, నువ్వే వచ్చి మాట్లాడు, నేను పిలిస్తే పలకదు, దీనికి తలబిరుసు మితిమీరి పోయింది అని."

"పెండ్లయిన మరుసటి ఏడు నుంచీ అదే అంటాడు."

"పలకొచ్చు కదా. మొగుడు పిలిస్తే పలికితే నోరు అరిగిపోతాదా?"

"పలుకుతాను. ఒక్కోసారి కాదు."

"సరి, నేను మాత్రం ఏమి. నాకూ ఇప్పుడు ఎవరితో పలకబుద్ధి కాదు. నా జెయంతి మంటల్లో పోయి అయిదు నెలలాయె, దాని బిడ్డను తీసుకొని ఈ ఊరు విడిచి విరుదునగర్ చేరి నాలుగు. పొద్దున లేస్తాను, ఉషాకు జడ వేస్తాను, అన్నం వండుతాను. మొన్న అన్నం మాడిపోయింది. మాడిందే తింటుంటిని. ఉషా ముక్కు మూసుకొని అవ్వా మాడింది అంటే దా తెలిసింది. నాకు వాసన కూడా తెలియలేదు."

"ఉషా ఎట్లా ఉండాది?"

"అది దా చెప్తుంటిని, నువ్వు ఆడుతున్నంతసేపూ. మళ్ళీ మొదటినుంచి చెప్పల్లనా?"

"చెప్పు. ఇప్పుడు నిన్నే చూస్తుండాను."

"బడికి పోను అంటుండాది. వారం దినాలు పోలేదు. ఫోన్ కోసం చచ్చినదాని కూతురు అంటారంట పిల్లలు. ఒక పిల్ల అయితే ఫోన్ పట్టుకున్నట్టు చెయ్యి పెట్టుకొని, పరుగెత్తి, కింద పడి చచ్చినట్టు చేసి చూపించిందంట. ఉషా వచ్చి మంచం కింద దూరింది. దూరి, అక్కడి నుంచి నన్ను అడుగుతాది. అవ్వా, మా అమ్మకు నేను కావల్లనా, ఫోన్ కావల్లనా?"

"నువ్వేమంటివి?"

"ఏమంటాను. బయటికి రా, పల్లీలు వేయిస్తాను అంటిని. రాలేదు. ఎనిమిదేండ్ల బిడ్డ. దానికి జవాబు కావల్ల. దానికి మాత్రమేనా, నాకూ కావల్ల. నా బిడ్డ ఒక ఆట పెట్టె కోసం మంటలోకి పోయింది అని ఊరు ఊరంతా చెప్తుండారు. తూత్తుకుడిలో ఉండే దాని మొగుడు కూడా నమ్మినాడు. పోయిన నెల వచ్చినప్పుడు, ఇంట్లో ఫోన్ పెట్టవద్దు అని నా ఫోన్ కూడా గూట్లో పెట్టి పోయినాడు."

"ఎవరు మొదట చెప్పింది, ఫోన్ కోసం అని?"

"మీ టపాకాయల కంపెనీ ఫోర్‌మన్ పేచ్చిముత్తు. ఇంకెవరు? అతని మాట ఇది. పక్క రూములో పొగ చూసినాడంట. బయటికి రండి, బయటికి రండి అని మూడు తూర్లు గొంతు చించుకొని అరిచినాడంట. అందరూ వచ్చినారంట. జెయంతి కూడా వచ్చి వేపచెట్టు కాడ నిలిచిందంట. నిలిచి, అటు ఇటు చూసి, మళ్ళీ లోపలికి ఉరికిందంట. ఎప్పుడూ ఫోన్‌లో ఆ పియానో ఆట ఆడేది, టిఫిన్ సంచిలో ఫోన్ దాచి పెట్టింటాది, దానికోసమే పోయింటాది అని కాగితంలో రాసి ఇచ్చినాడు. రేపు విచారణలో అదే చెప్తాడు. తప్పు చనిపోయినదాని మీద వేస్తే, అది లేచి వచ్చి కాదు అనదు కదా."

"అనదు."

"నీకూ విచారణకు రమ్మని కాగితం వచ్చింటాదే?"

"వచ్చింది. బియ్యం డబ్బా కింద ఉండాది."

"చదివించుకుంటివా?"

"లేదు. అట్లాంటివి జెయంతి చదివేది."

"ఊ. అది అందరికీ చదివేది. సరి, ఇప్పుడు నేను అడిగేదానికి చెప్పు. ఆసుపత్రిలో పోలీసులు వచ్చి అడిగినప్పుడు నువ్వేమి చెప్పితివి?"

"నాకు ఏమీ వినపడలేదు అని."

"అదే. ఆ మాట దా నాకు కావల్ల. ఒకే రూములో నలుగురు. మిగతా ఇద్దరూ పేచ్చిముత్తు ఊరివాళ్ళు, అతను ఏమంటే అది. నువ్వొకతివి దా నిజం చెప్పినావు. వినపడలేదు అంటే వాడు అరవలేదు. అరిచింటే మూడు రూములకు వినపడదా? రేపు వచ్చి ఆ మాటే చెప్పు. అధికారి ముందర నిలబడి, అయ్యా, ఎవరూ అరవలేదు, అంతే. అంత చెప్తే చాలు."

"నేను వినపడలేదు అంటిని పెద్దమ్మా. అరవలేదు అనలేదు."

"రెండూ ఒకటే కదా."

"ఒకటేనా?"

"కాదా మరి? ఏమ్మా ఇది. మళ్ళీ ఫోన్ ఎత్తుకుంటుండావు. నేను ఇక్కడ ప్రాణం పెట్టి మాట్లాడుతుండాను, నువ్వు మళ్ళీ టకటకా అని కొడుతుండావు. సెల్వీ. కంపెనీవాళ్ళు నిన్ను బెదిరించినారా? నీకేమన్నా ఇచ్చినారా? ఏమైనా ఉంటే చెప్పు. నేను కోపగించను. ఇటు చూడమ్మా. ఇటు. చెయ్యి అడ్డం పెడితే గానీ నిలపవు కదా నువ్వు."

"చెయ్యి తియ్యి పెద్దమ్మా. ఆట పోయింది."

"పోతే పోనీ. వాళ్ళు నిన్ను బెదిరించినారా, అది చెప్పు."

"లేదు. ఎవరూ రాలేదు."

"మరి ఎందుకు ఇట్లా ఉండావు? పొద్దున నుంచి సాయంత్రం దాకా ఇదే ఆట అంటాడు ఇసక్కి. దాంట్లో ఏముండాది?"

"ఏమీ లేదు. అందుకే దా. నల్లగడి పైనుంచి వస్తాది. వేలు పెట్టల్ల. ఇంకోటి వస్తాది. వేలు పెట్టల్ల. అది ఒకటే. వేరే ఏమీ ఆలోచన రాదు. తల వంచుకొని ఆడుతుంటే ఎవరూ మాట్లాడించరు కూడా. ఆడుతుండాదిలే అని పోతారు."

"జెయంతి దా నేర్పించిందా?"

"ఊ. వ్యాన్‌లో. ఇక్కడి నుంచి తాయిల్‌పట్టికి గంటసేపు కదా. నా ఎదుటి సీట్లో కూచొనేది. ఎప్పుడూ పక్కన కూచోదు. కుడిచేత్తో ఆడేది, ఎడమచేత్తో నా మోకాలి మీద తట్టేది, పాట ఎట్లా పోతాదో అట్లా. నెమ్మదిగా పోతే నెమ్మదిగా. పరుగెత్తితే పరుగెత్తి."

"తట్టేది ఎందుకు? ఫోన్‌లోనే పాట వస్తాది కదా."

"వ్యాన్ శబ్దం."

"పోవే. పవర్‌లూమ్‌లో పదేండ్లు ఉండినదానివి. ఆ డబడబలో కూచొని కూడు తిన్నదానివి. నీకు వ్యాన్ శబ్దం ఒక శబ్దమా?"

"దానికి తట్టడం ఇష్టం. తట్టేది."

"ఉండును. దానికి చిన్నప్పటి నుంచీ చేతులు ఊరికే ఉండవు. ఇంట్లో అయితే సౌండు పెట్టి, తల పగిలేట్టు. నేను తిట్టేదాన్ని. ఇప్పుడు ఇల్లు గమ్మునుండాది. ఇయ్యి, ఒకతూరి నేనూ చూస్తాను. నా బిడ్డ ప్రాణం తీసింది అంటారే, అది ఏమి ఆటో చూడనీ."

"నీకు రాదు పెద్దమ్మా."

"ముప్పై ఏండ్లు అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు గుచ్చే చెక్క చట్టాలు నింపినదాన్ని. కండ్లు మూసుకొని పుల్ల పెడతాను. కోవిల్‌పట్టిలో నా అంత వేగం ఎవరికీ లేదని మేస్త్రీనే చెప్పేవాడు. ఇయ్యి."

"ఇదో. నల్లది వస్తే తాకు. తెల్లది తాకవద్దు. తాకితే ఆట అయిపోతాది."

"అంతే కదా. వస్తుండాది, వస్తుండాది. ఆ. ఏమిది, అప్పుడే ఎర్రగా అయిపోయింది?"

"తెల్లది తాకినావు."

"లేదే. సరిగ్గా దా పెడితిని. ఇంకోతూరి పెట్టు. ఇప్పుడు చూడు. ఇదో. అయ్యో."

"మళ్ళీ తెల్లదే."

"ఇది మోసం ఆట."

"మోసం కాదు. నువ్వు ఖాళీలు చూసి పెడుతుండావు."

"ఏమంటివి?"

"చట్టం నింపినట్టు. ఖాళీ గాడి ఎక్కడుందా అని నీ చెయ్యి అక్కడికే పోతుండాది. ఇందులో ఖాళీ తాకకూడదు. ఉన్నదాన్నే తాకల్ల."

"అదేం ఆటమ్మా. ఖాళీ ఉంటే నింపల్ల కదా. ఖాళీని చూసి కూడా విడిచిపెట్టి పోవడం నా చేతికి రాదు. విడిచిపెడితే మేస్త్రీ చట్టం తిప్పి విసిరేసేవాడు. ముప్పై ఏండ్ల అలవాటు, ఒక్క దినంలో మారమంటే వేలు ఎట్లా మారుతాది?"

"జెయంతి కూడా నవ్వేది. మా అమ్మకు ఇస్తే తెల్లదంతా నింపి పెడతాది అని."

"అట్లా అనిందా?"

"ఊ."

"చూడు, ఇది వింటే నాకు ఏడుపు రావల్ల. రావడం లేదు. పదహారో దినం కర్మలో కూడా అందరూ ఏడ్చినారు, నేను పాత్రలు లెక్క పెడుతుంటిని. ఇదేమిది, పక్కన ఏదో నొక్కేస్తిని. అబ్బ, ఎంత సౌండు. ఇది జెయంతి ఎప్పుడూ పెట్టే పాటే కదా."

"ఏ పాట?"

"ఇదే. ఇప్పుడు వస్తుండాదే."

"ఊ. అదే. బాగుందా?"

"నాకేం తెలుసు. పూసల దండ తెగి సిమెంటు నేల మీద పడినట్టు ఉంటాది. టిక్కు టిక్కు టిక్కు అని, మళ్ళీ అన్నీ ఒకేసారి."

"పూసలా?"

"ఆ. ఏమి?"

"ఏమీ లేదు. నేను ఇంకోలాగ అనుకుంటిని."

"అయిదు నెలల నుంచి ఆడుతుండావు, ఇంకోలాగ అనుకునేది ఏముంది? ఇదిగో, దీన్ని ఎట్లా ఆపల్ల? ఇది నొక్కల్లనా? ఆ, ఆట పోయింది. ఏదో పటం వచ్చింది. ఎవరో చిన్నపిల్ల. ముందు పండ్లు రెండూ లేవు. ఇది మన ఉషా కదా."

"ఇయ్యి పెద్దమ్మా."

"ఉండు ఉండు. ఉషా దా. పోయిన ఏడు పండ్లు ఊడినప్పుడు తీసిన పటం. నీ ఫోన్‌లో ఉషా పటం ఎందుకుంది?"

"ఇయ్యి."

"చెయ్యి తియ్యి. ఈ మూల పగులు ఉండాదే. నాకు ఈ పగులు తెలుసు. ఉషా మెట్ల మీద వేసి పగలగొడితే జెయంతి దాన్ని కొట్టింది, నేను అడ్డం పోతే నాకూ ఒక దెబ్బ తగిలింది. కవరు వేరే ఉంది. కవరు మార్చినావు. సెల్వీ, ఇది జెయంతి ఫోన్."

"అవును."

"కాలిపోయింది అన్నారే."

"కాలిపోలేదు."

"నీకు ఎట్లా వచ్చింది?"

"ఆ దినం వ్యాన్ దిగేటప్పుడు నా సంచిలో పెట్టింది. గేటు కాడ వెతుకుతారు కదా, లోపలికి ఫోన్ తీసుకొని పోకూడదు. మా సంచులు వ్యాన్‌లోనే ఉంటాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినాక డ్రైవరు సంచి తెచ్చి ఇచ్చినాడు. చూస్తే లోపల ఉండింది."

"అంటే ఆ దినం ఫోన్ రూములోనే లేదు."

"లేదు."

"లోపల లేని ఫోన్ కోసం అది లోపలికి పోదు కదా."

"పోదు."

"అది నీకు తెలుసు."

"తెలుసు."

"మూడు తూర్లు అరిచినాను, ఫోన్ కోసం పోయింది అని పేచ్చిముత్తు రాసి ఇచ్చినప్పుడూ తెలుసు. ఊరంతా నవ్వినప్పుడూ తెలుసు. ఉషా మంచం కింద దూరినప్పుడు నువ్వు ఇక్కడ గోడకు ఆనుకొని, ఈ ఫోన్ పట్టుకొని, ఈ ఆటే ఆడుతుంటివి."

"అవును."

"నిన్ను కొట్టల్ల అనిపిస్తాది సెల్వీ. చెయ్యి లేవడం లేదు."

"కొట్టు పెద్దమ్మా."

"కొట్టి ఏమి చేసేది. ఎందుకు దాచినావు? అది చెప్పు. ఎవరి కోసం దాచినావు?"

"ఇస్తే అడుగుతారు."

"ఏమని?"

"ఫోన్ కోసం కాకపోతే మరి దేనికోసం తిరిగి పోయింది అని."

"అడగనీ. నీకు తెలుసా?"

"కారాసేవు మెత్తబడిపోతాది. డబ్బాలో వేస్తాను ఉండు."

"కూచో. కారాసేవు ఎక్కడికీ పోదు. నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"చెప్పు."

"రేపు వస్తాను పెద్దమ్మా. పొద్దున ఆరు గంటల బస్సుకే వస్తాను. ఫోన్ అధికారి చేతిలో పెడతాను. ఇది నా సంచిలో ఉండింది, ఆమె దీనికోసం పోలేదు అని చెప్తాను. డ్రైవరును కూడా అడగమంటాను. పేచ్చిముత్తు ఊరికే కల్పించి రాసినాడు అని తెలుస్తాది. చాలదా?"

"అధికారికి చాలు. ఊరికీ చాలు. నాకు చాలదు. అది వేపచెట్టు కాడికి వచ్చి నిలిచిన మాట నిజమేనా?"

"నేను చూడలేదు. నిజమే అయి ఉంటాది."

"అప్పుడు నువ్వెక్కడుంటివి? వెనక వాకిలి నుంచి బయటపడినావు అంటారు. నీ వీపు కాలింది కదా. నువ్వు అందరికంటే ముందు వచ్చినావా, వెనకా?"

"తెలియదు. నా చోట్లో కూచొని ఉంటిని. మందు నింపేటప్పుడు గాలికి వీపు పెట్టి కూచుంటాము. ఎగిరిపోకుండా. తరువాత బయట రాళ్ల మీద పడి ఉంటిని."

"కూచున్నదానివి రాళ్ల మీదికి ఎట్లా పోయినావు?"

"పడితిని."

"పడితివి. ఎగిరి పడితివా, ఉరికి పడితివా? సరి, నీ సంగతి విడిచిపెట్టు. జెయంతి మెడలో తాళి ఉండిందా? దండెం మీద తీసి పెట్టిందా, దానికోసం పోయిందా?"

"మెడలోనే ఉండింది."

"చీటీ కట్టే పుస్తకమా? బువ్వ డబ్బానా? దానికి ఆ స్టీలు డబ్బా అంటే ప్రాణం."

"కాదు."

"లోపల దానికి ఎవరైనా..."

"అట్లాంటిది ఏమీ లేదు. నీ కూతురు అట్లాంటిది కాదు."

"నాకు తెలుసులేమ్మా. తెలిసినా అడుగుతుండాను. అయిదు నెలల నుంచి తలలో ఇదే. బిందె ఎత్తుతుంటే, ఎందుకు పోయింది. ఉషాకు జడ వేస్తుంటే, ఎందుకు పోయింది. బయటికి వచ్చిన మనిషి, ప్రాణం దక్కిన మనిషి, ఒక బిడ్డ తల్లి, ఎందుకు మళ్ళీ పోయింది. నువ్వు తెలుసు అంటుండావు. తెలిసి చెప్పను అంటుండావు. నా మొగం అట్లా చూసేదానికి బదులు నోరు తెరిచి చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు ఈ ఇంటికి రావు."

"ఇప్పుడు మాత్రం రోజూ వస్తుండానా?"

"రావు. ఉషాను కూడా పంపవు."

"ఏమి చేసినావు నువ్వు?"

"ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండా కూచొని ఉంటిని."

"అట్లయితే భయం ఏమి?"

"పెద్దమ్మా, ఫోన్ ఇయ్యి. ఒక్క ఆట ఆడి ఇస్తాను. రేపటి నుంచి ఉండదు కదా."

"తీసుకో. ఆడు. నిన్ను అడిగి లాభం లేదు. నాకు మూడున్నర బస్సు ఉంది. ఉషాను పక్కింట్లో విడిచి వస్తిని. ఈ చెప్పులు ఎక్కడ పెడితిని, వాకిట్లోనే కదా. మోకాళ్ళు వంగవు. సెల్వీ, ఆడుతూనే విను, నేను తిరిగి చూడను, చూస్తే నాకు నోరు రాదు. నువ్వు చెప్పకపోతే పోనీ. ఒకటి మాత్రం రేపు వచ్చేటప్పుడు నాకు తెచ్చి ఇయ్యి. అది వస్తువు కోసం పోయిందా, మనిషి కోసం పోయిందా, అది ఒకటి చెప్పు. మనిషి కోసం అయితే చాలు. ఆ మనిషి ఎవరైనా నేను ఏమీ అనను. పేరు కూడా అడగను. తిట్టను, శాపం పెట్టను. బతికి ఉంటే, ఇంటికి పిలిచి ఒక పూట బువ్వ పెడతాను. మీ అమ్మ ఒక మనిషిని తెచ్చేదానికి పోయింది అని ఉషాకు చెప్తాను, అది బడికి పోతాది. అంతే నాకు కావల్సింది. వింటివా? సెల్వీ. ఊ అనవా? ఇట్లా తల వంచుకొని ఉంటే ఎట్లామ్మా? సెల్వీ. ఇదేమి, భుజం మీద చెయ్యి వేస్తే ఇంత అదురుతావు? నేనే. ఫోన్ కింద పడేసినావు. నేనే కదమ్మా."

"జెయంతి అనుకుంటిని. అదీ తిరిగి లోపలికి వచ్చి ఇట్లా దా చెయ్యి వేసింది, వేసి వెనక వాకిట్లో నుంచి తోసింది. పెద్దమ్మా, నువ్వు వాకిలి తట్టు తిరిగి ఏమో చెప్పితివి. అది నాకు తెలియదు. మొగం చూస్తే దా నాకు మాట తెలిసేది, లూమ్‌లో ఉన్నప్పుడే చెవులు పోయినాయి, అది జెయంతికి ఒకతికే తెలుసు. పేచ్చిముత్తు అరిచినప్పుడు నేను గోడ తట్టు తిరిగి కూచొని ఉంటిని. ఇప్పుడు నువ్వు ఏమి చెప్పితివో, ఇటు తిరిగి ఇంకోతూరి చెప్పు."